అ అంటే అడుగుడి

రేపు చర్చిలో పిల్లల సండే స్కూల్లో కంఠత వాక్యం, అంటే కంఠస్థం చేసిన బైబిల్ వచనం, అప్పజెప్పాలి. అందుకే శనివారం వచ్చిందంటే మా ఇంట్లో హోంవర్క్ కంటే దీని టెన్షనే ఎక్కువ. పెద్దది రెండో తరగతి, చిన్నాడు యూకేజీ. ఇద్దరివీ వేర్వేరు గ్రూపులు, వేర్వేరు వాక్యాలు.

నేను వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పించను. అలా కూర్చోబెడితే నోరు తెరిచే లోపే ఇద్దరికీ దాహం, నిద్ర, కడుపునొప్పి అన్నీ వచ్చేస్తాయి. ఇవాళ చిన్నాడికి నీళ్లు పోస్తూ ఇరవై మూడో కీర్తన రెండో వచనం అందుకున్నాను. నేనో ముక్క, వాడో ముక్క. "పచ్చికగల చోట్ల" అనమంటే "పచ్చడిగల చోట్ల" అంటాడు. గుంటూరు పిల్లాడు మరి! పచ్చిక అంటే గడ్డి అని, కాపరి గొర్రెను మెత్తటి గడ్డి మీద పడుకోబెడుతున్నాడని చెప్పాక సరిగ్గా అన్నాడు. "పరుండజేయుచున్నాడు" మాత్రం ఎక్కడా తడబడకుండా గడగడా అనేశాడు. పొడుగు మాటలకు పిల్లలు భయపడరని నాకెప్పుడో అర్థమైంది. చివర్లో ఎక్కడుందని అడిగితే "యోహాను మూడు పదహారు" అన్నాడు. వాడికి బైబిల్ మొత్తం అక్కడే ఉంది.

ఈ అర్థం చెప్పే విషయంలోనే అత్తయ్యకూ నాకూ పడదు. ముందు నోటికి రావాలి, అర్థం వయసుతో పాటు అదే వస్తుందంటుంది ఆవిడ. ఆవిడ నేర్చుకున్నది అలాగే. బియ్యం ఏరుతూ ఇప్పటికీ 121వ కీర్తన ఎనిమిది వచనాలూ ఆగకుండా చెప్పేస్తుంది, కాబట్టి గట్టిగా వాదించలేను. అయినా ఇప్పటి మాటల్లో ఒక్క ముక్క చెప్పి వదిలేయడం నా అలవాటు. ప్రసంగం మొదలుపెడితే మాత్రం పిల్లలు పారిపోతారు.

అసలు కథ మా ఆయన వచ్చాక మొదలైంది. వచనానికి పది రూపాయలిస్తానని ప్రకటించాడు. పెద్దది వెంటనే నాయనమ్మ దగ్గరికెళ్లి అన్నిటికంటే పెద్ద కీర్తన ఏదని అడిగింది. 119, అందులో 176 వచనాలు. నోట్‌బుక్ వెనక పేజీలో లెక్క వేసి 1,760 రూపాయలని తేల్చింది. మా ఆయన మొహం చూడాలి అప్పుడు. నాకు ఈ డబ్బుల పద్ధతి మొదటినుంచీ నచ్చదు. సండే స్కూల్లో ఇచ్చే స్టిక్కర్ వేరు, అది నలుగురి ముందు దొరికే మెప్పు. ఇంట్లో రేటు కడితే పిల్లలు పొట్టి వాక్యాలే వెతుక్కుంటారు. అనుకున్నట్టే అది "యేసు కన్నీళ్లు విడిచెను" అని అప్పజెప్పి పది రూపాయలు పట్టుకుపోయింది.

కానీ ఆ లెక్క పుణ్యమా అని 119 తెరిచింది. ఎనిమిది వచనాలకోసారి బ్రాకెట్లో ఆలెఫ్, బేత్, గీమెల్ అని ఉంటుంది కదా, అవేంటని అడిగింది. అవి ఈ కీర్తన మొదట రాసిన హెబ్రీ భాష అక్షరాలని చెప్పాను. మొత్తం 22 అక్షరాలు, ఒక్కోదానికి ఎనిమిది వచనాలు. హెబ్రీలో ఆలెఫ్ కింద ఉన్న ఎనిమిదీ ఆలెఫ్‌తోనే మొదలవుతాయి, బేత్ కింద ఉన్నవి బేత్‌తో. తెలుగులోకి వచ్చేసరికి ఆ వరస పోయింది. "అయితే మనం అ ఆలు చేద్దాం" అంది.

నేను సరిగ్గా దానికోసమే చూస్తున్నా. ఇంగ్లీష్ మీడియం చదువు కదా, దానికి తెలుగు అక్షరాలంటే బద్ధకం. నోట్‌బుక్‌లో పేజీకో అక్షరం పెట్టాం. అ అంటే "అడుగుడి మీకియ్యబడును". ఇది చెబుతూ వాళ్ల నాన్న జేబు వైపు చూసింది. ఆ అంటే "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను". ఇ అంటే "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను". ఎ అంటే "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి". సగం అత్తయ్యే అందించింది, వంటగదిలోంచి. ఊ దగ్గర నేనే ఆగమన్నాను, ఎందుకంటే ఆ వాక్యం నాకు రోజూ పనికొస్తుంది: "ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి". చిన్నాడికి ఇది తెగ నచ్చింది. ఇల్లంతా పరిగెడుతూ "ఊరకుండుడి! ఊరకుండుడి!" అని పక్కింటికి వినిపించేలా అరిచాడు.

ఈ పద్ధతిలో నాకు నచ్చిందేమిటంటే, పాత వాక్యాలు మళ్లీ బయటికొచ్చాయి. వారానికో కొత్తది ఎక్కించడం పెద్ద పనేం కాదు. పోయిన సంవత్సరం వీబీఎస్‌లో, అంటే సెలవుల్లో చర్చిలో పెట్టే బైబిల్ క్లాసుల్లో, నేర్చుకున్నవి ఇప్పుడు అడిగితే పైకి చూస్తారు. మొదటి మాట అందిస్తే చాలు, మిగతాది దానంతటదే వస్తుంది. ఇప్పుడు ఆ మొదటి మాటకు పేజీ మీద అక్షరం సాయం ఉంది. న పేజీకి "నన్ను బలపరచువానియందే" అని ముందే రాసిపెట్టుకుంది. య పేజీ ఒక్కటి సరిపోదని అత్తయ్య అప్పుడే హెచ్చరించింది. యెహోవా పేరుతో మొదలయ్యేవే బోలెడు.

ఈ దగ్గరా ఋ దగ్గరా ఖాళీలు ఉన్నాయి. ఈకి ఏదో ఒకటి దొరుకుతుంది. ఋకి అత్తయ్యకు కూడా తట్టలేదు. రేపు ఆరాధన అయ్యాక పాస్టరు గారిని అడుగుతానంది. ఆయనకూ దొరక్కపోతే ఆ పేజీకి ఇరవై రూపాయలివ్వాలని పెద్దది వాళ్ల నాన్నతో ఒప్పందం చేసుకుంటోంది.