తలకోన అడవిలో రెండు కంపాసులు

తిరుపతి నుంచి తలకోన సుమారు 60 కిలోమీటర్లు. రంగంపేట, భాకరాపేట, నెరబైలు దాటితే అడవి మొదలవుతుంది. జనం మామూలుగా జలపాతం కింద తడిసి, సిద్ధేశ్వరస్వామికి దండం పెట్టుకుని, సాయంత్రానికి ఊరికి చేరుకుంటారు. మేం ఈసారి వెళ్లింది మాత్రం కంపాస్ పట్టుకుని నడవడం కోసం. మా మేనల్లుడికి ట్రెక్కింగ్ పిచ్చి పట్టుకుంది. నాగలాపురం కొండలని, హార్స్‌లీ హిల్స్ అని ప్రతి సెలవుకీ ఏదో ఒకటి పెట్టుకుంటాడు. ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా మామా అంటాడు. ఫోన్ ఉండాలి, నేనేమీ కాదనను. కానీ ఛార్జింగ్ అయిపోయాక కూడా దారి చెప్పే వస్తువు ఒకటి జేబులో ఉండాలని, దాన్ని వాడటం చేతికి అలవాటై ఉండాలని నా పట్టుదల.

కార్తీకం వెళ్లి వానలు తగ్గుముఖం పట్టిన రోజులవి. భాకరాపేటలో టీకి ఆగాం. వాడు బ్యాగులోంచి తన కంపాస్ తీశాడు. స్వీడన్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్ల పెదనాన్న కొడుకు పంపించాడట. చూడటానికి ముచ్చటగా ఉంది. నాది దాని పక్కన రాతి అరుగు మీద పెట్టాను. నా దాంట్లో సూది రెండుసార్లు ఊగి నిలబడింది. వాడి దాంట్లో ఉత్తరం చూపాల్సిన ఎర్రమొన పైకి లేచింది, దక్షిణం వైపు తెల్లమొన డబ్బీ అడుగున రాసుకుంటూ ఎక్కడ తోస్తే అక్కడ ఆగిపోతోంది. కంపాస్‌ని కొద్దిగా వంచితే గానీ కదలడం లేదు.

"పాడైపోయిందా మామా?"

పాడవలేదు. అది ఆ దేశానికి చేసింది. భూమి అయస్కాంత బలం అన్నిచోట్లా నేలకి సమాంతరంగా ఉండదు. స్వీడన్ అంత ఉత్తరాన అది 70 డిగ్రీలు దాటి నేలలోకి దిగబడుతుంది కాబట్టి సూది ఉత్తర మొన కిందకి లాగుతుంది. దాన్ని సరిచేయడానికి అక్కడి తయారీదార్లు దక్షిణ మొన వైపు బరువు కలుపుతారు. మన దగ్గర ఆ వంపు పది డిగ్రీల చుట్టుపక్కలే. లాగే బలం లేదు, కలిపిన బరువు మాత్రం అలాగే ఉంది. అందుకే తెల్లమొన కిందకి కూలబడుతుంది. ఆ వంపు సున్నా అయ్యే అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణ కొస మీదుగానే పోతుంది. 1963లో తొలి రాకెట్‌ని కేరళలోని తుంబా నుంచి పంపింది కూడా ఆ రేఖ అక్కడికి దగ్గర కావడం వల్లే. శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది గనక ఈ ముక్క చెప్పగానే వాడు చెవులు రిక్కించాడు.

కాబట్టి కంపాస్ కొనేటప్పుడు నేను మొదట చూసేది బ్రాండ్ కాదు, సూది ఏ ప్రాంతానికి సరిచేసిందన్నది. పేరున్న కంపెనీలు ప్యాకెట్ మీదో, వివరాల కాగితంలోనో ఆ గుర్తు వేస్తాయి. కొన్ని ఎక్కడైనా పనిచేసే గ్లోబల్ సూదితో వస్తాయి, ధర కాస్త ఎక్కువ. విదేశాల నుంచి ఎవరైనా తెస్తామంటే ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

రెండోది, అడుగు పలక పారదర్శకంగా ఉండాలి. మ్యాప్ మీద పెడితే కింద గీతలు కనపడాలి. డిగ్రీల చక్రం వేళ్లతో సులువుగా తిరగాలి, కానీ జేబులో దానంతటది తిరిగిపోకూడదు. డబ్బీలో ద్రవం ఉండాలి, లేకపోతే నడుస్తున్నంతసేపూ సూది వణుకుతూనే ఉంటుంది. చిన్న గాలిబుడగ ఉంటే భయం లేదు, సూదిని అడ్డుకునేంత పెద్దదైతే వద్దు. మూతలు, భూతద్దాలు, మిలిటరీ రంగుతో చవగ్గా దొరికే ఇత్తడి డబ్బీలు చూడటానికే బాగుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి వాటిని నేను చెప్పను. అద్దం ఉన్న రకం మంచిదే, దూరపు కొండని గురిపెట్టడానికి పనికొస్తుంది, కానీ మొదటి కంపాస్‌కి అది అవసరం లేదు.

తలకోనలో అటవీశాఖ దగ్గర టికెట్ తీసుకుని, పైకి వెళ్లే బాటకి గైడ్‌ని అడిగాం. శేషాచలం అడవిలో ఇది తప్పనిసరి అనే నేను చెబుతాను. ఎర్రచందనం ఉన్న అడవి, అనుమతి లేకుండా తిరిగితే కేసులవుతాయి. చేతిలో కంపాస్ ఉందని ఎటుపడితే అటు పోవడానికి లేదు. గైడ్ నెరబైలు వైపు ఊరివాడు, నడివయసు మనిషి. కంపాస్ చూసి నవ్వాడు.

"ఈడ యాడికి పోయినా వాగు పట్టుకుంటే చాలు సార్. వాగే గుడి కాడికి తెస్తాది."

ఆ మాట మ్యాప్ చదివేవాళ్లు కూడా చెప్పేదే. వాగు, బాట, కొండ అంచు లాంటి పొడవాటి గుర్తు చేతికి అందేంత దగ్గర్లో ఉంటే దారి తప్పడం కష్టం. నేను ఆయనకి అదే చెప్పాను. అప్పటినుంచి మా పని మీద ఆయనకీ ఆసక్తి పుట్టింది.

జలపాతం దగ్గర నీళ్లు దండిగా ఉన్నాయి. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్ల హోరులో మాటలు వినపడవు. మెట్ల పక్కన ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడి మేనల్లుడు కంపాస్ చూశాడు. "ఉత్తరం ఇటా?" అన్నాడు, తల తిప్పి సూర్యుణ్ణి చూస్తూ. కమ్మీకి నాలుగడుగులు ఎడంగా రమ్మన్నాను. అడుగడుగుకీ సూది పక్కకి జరుగుతూ వచ్చి చివరికి నిలబడింది. ఇనుము పక్కన చూసిన దిక్కుని నమ్మకూడదు. ఫోన్ కూడా అంతే, దాని స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది. ఫ్లిప్ కవర్ అయస్కాంతం ఇంకా ప్రమాదం, రోజుల తరబడి రెండూ ఒకే జేబులో ఉంటే సూది మొనలు తారుమారు కావచ్చు. ఎర్రమొన దక్షిణం చూపించే కంపాస్ చూసేవాడికి మామూలుగానే కనిపిస్తుంది. అందుకే బయల్దేరే ముందు తెలిసిన దిక్కుతో ఒకసారి సరిచూసుకోవాలి. తిరుపతి వాళ్లకి ఇది సులువు, ఊరికి ఉత్తరాన తిరుమల కొండ ఉండనే ఉంది.

రాయి సంగతీ వచ్చింది. శేషాచలం పైభాగమంతా క్వార్ట్‌జైట్, దానితో సూదికి ఇబ్బంది లేదు. చిత్తూరు, కుప్పం వైపు నల్ల గ్రానైట్ పేరుతో కోసే రాయి మాత్రం చాలావరకు డోలరైట్. అందులో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటుంది. అలాంటి బండ మీద కంపాస్ పెట్టి చూడకుండా, కాస్త దూరం జరిగి, చేత్తో పట్టుకుని చూడటం మేలు.

జలపాతం దాటి పైకి ఎక్కాక అడవి చిక్కబడింది. జాలారి, మద్ది చెట్లు, వాటి మీదుగా ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి పాకిన గిల్లతీగ. ఎండ నేల మీదకి చుక్కలు చుక్కలుగా పడుతోంది. "ఈడ సిగ్నల్ రాదు సార్, కిందికి పోయినాకనే" అన్నాడు గైడ్. సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది. కానీ ఇరుకు కోనలో, నిలువు బండల మధ్య ఫోన్‌లో నీలం చుక్క ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకి గెంతుతూ ఉండటం మేనల్లుడే చూపించాడు.

చదునైన చోట కూర్చుని మ్యాప్ పరిచాం. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీట్, అంటే కొండలు, వాగులు, బాటలు చూపించే మ్యాప్. పాత లెక్కలో తలకోన ప్రాంతం 57 ఓ/1 నంబరు షీట్‌లో వస్తుంది. తిరుపతి, చంద్రగిరి 57 ఓ/6. ఇందులో రెండు సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. పలక అంచుని ఉన్నచోటు నుంచి వెళ్లాల్సిన చోటుకి ఆనించాలి. పలక మీది బాణం వెళ్లాల్సిన వైపే ఉండాలి. చక్రం తిప్పి దానిలోని గీతల్ని మ్యాప్ ఉత్తర గీతలకి సమాంతరం చేయాలి. తర్వాత మ్యాప్ పక్కన పెట్టి, కంపాస్‌ని ఛాతీ ముందు చదునుగా పట్టుకుని, చక్రం అడుగున గీసిన బాణంలో ఎర్రమొన ఒదిగేదాకా మనిషే తిరగాలి. చేయి తిప్పకూడదు, ఒళ్లంతా తిరగాలి. అప్పుడు పలక మీది బాణం చూపించేదే దారి.

మేనల్లుడు డెక్లినేషన్ గురించి ఎక్కడో చదివి టెన్షన్ పడుతున్నాడు. నిజమైన ఉత్తరానికీ, సూది చూపే ఉత్తరానికీ ఉండే తేడా అది. మన ప్రాంతంలో పడమరకి రెండు డిగ్రీల లోపే. రెండు డిగ్రీలు తప్పినా కిలోమీటరుకి 35 మీటర్లే పక్కకి పోతాం. చేత్తో పట్టుకుని గురిపెట్టడంలోనే అంత తేడా వస్తుంది. అమెరికాలో, కెనడాలో కొన్నిచోట్ల ఇది పదిహేను, ఇరవై డిగ్రీలు కూడా ఉంటుంది గనక అక్కడివాళ్లు రాసిన పాఠాల్లో దీనికి పేజీలు పేజీలు ఉంటాయి. మనకి ఆ గొడవ తక్కువ.

గైడ్ ఒప్పుకున్నంత దూరం బాట వదిలి నడిచాం. సూదినే చూస్తూ నడిస్తే కాలికింద ఏముందో తెలియదు. బేరింగ్ మీద, అంటే కంపాస్ చూపించిన దిక్కులో, ముందు కనిపించే చెట్టు ఒకటి ఎంచుకోవాలి, దాని దాకా మామూలుగా నడవాలి, అక్కడినుంచి ఇంకో చెట్టు. పొద అడ్డొచ్చి చుట్టు తిరిగినా ఆ చెట్టు దగ్గరికే చేరతాం. మధ్యలో వెనక్కి తిరిగి, తెల్లమొనని బాణంలో ఉంచి, విడిచిపెట్టిన చెట్టు సరిగ్గా వెనకే ఉందో లేదో చూసుకుంటే పక్కకి జారామో లేదో తెలిసిపోతుంది. వెళ్లిన దిక్కు 140 డిగ్రీలైతే తిరిగివచ్చే దిక్కు 320.

తిరుగు ప్రయాణంలో నాకు బాగా ఇష్టమైన పద్ధతి చేయించాను. బాట వాగుని దాటే చోటుకి రావాలి. సూటిగా దానికే గురిపెడితే, వాగు తగిలాక ఆ చోటు కనపడకపోతే కుడికి పోవాలా, ఎడమకి పోవాలా తెలియదు. అందుకని కావాలనే పది డిగ్రీలు ఎడమకి గురిపెట్టమన్నాను. అర కిలోమీటరు నడిస్తే 90 మీటర్ల దాకా ఎడమకి పోతాం. వాగు తగలగానే ఇక సందేహం లేకుండా కుడికి తిరగొచ్చు. మేనల్లుడు ముందు, నేను వెనక, గైడ్ పక్కనే నడుస్తూ ఉన్నాడు. వాగు తగిలింది. వాడు ఒక్క క్షణం కూడా ఆగలేదు, కుడికి తిరిగాడు. కాసేపటికి బాట దాటే చోటు, అక్కడ మేం పొద్దున ఆగిన బండ కనిపించాయి.

"బో బాగుండాది సార్ ఇది" అన్నాడు గైడ్, కంపాస్ చేతిలోకి తీసుకుని. మంచు పట్టిన రోజుల్లో తెల్లారి పూట పది గజాలు కూడా కనపడదట, అప్పుడు పనికొస్తుందా అని అడిగాడు. దానికోసమే ఇది అన్నాను. టికెట్ కౌంటర్ దగ్గరికి దిగేదాకా ఆయన చక్రం తిప్పి చూస్తూనే ఉన్నాడు. స్వీడన్ కంపాస్ మేనల్లుడు వాళ్ల అన్నకే తిరిగి పంపిస్తానన్నాడు. మన వైపుకి సరిపడే సూది ఉన్నవి రెండు తెప్పిస్తాడట, ఒకటి తనకి, ఒకటి గైడ్‌కి.