పేజీ నిండుగానే ఉంది

ఇవాళ్టి జిల్లా పేజీలో మా కొనుగోలు కేంద్రం వార్త పడింది. ‘జోరుగా ధాన్యం కొనుగోళ్లు’ అని హెడ్డింగ్, కింద కాంటా పక్కన నిలబడి నాయకులు దిగిన ఫొటో. తరుగు పేరుతో బస్తాకు ఎక్కువ తూచుకునే ముచ్చట ఒక్క లైను లేదు. అదే కాంటా దగ్గర నిన్న మా వాడకట్టు పిల్లాడొకడు తీసిన వీడియో మాత్రం ఊళ్లో అందరి ఫోన్లలో తిరుగుతోంది. బస్తా 40 కిలోలని రాసుకుంటున్నారు, కాంటా మీద ఎర్ర అంకె 42 దాటింది, అయినా హమాలీ ఇంకో దోసెడు పోస్తున్నాడు, వెనక నుంచి ఎవరో "ఫోన్ జేబుల పెట్టురా" అంటున్నారు. అంతే వీడియో.

మధ్యాహ్నం విలేకరి తమ్ముడు జిరాక్స్ కోసం నా షాపుకొచ్చాడు. నేనూ నకిరేకల్ వైపు కొన్నేళ్లు కంట్రిబ్యూటర్‌గా చేసి మానేసినవాణ్నే కాబట్టి మా మధ్య దాపరికం లేదు.

"వీడియో చూసినవా తమ్మీ?"

"చూసిన అన్నా. ఎవరూ రాయొద్దనలే. నేనే రాయలే."

జూన్ 2 దగ్గరపడుతోంది, అవతరణ దినోత్సవం యాడ్స్ టార్గెట్ మెడమీదుంది, యాడ్ అడగాల్సింది ఈ వడ్లు పోయే మిల్లు యజమానినీ ఆ ఫొటోలో ఉన్నవాళ్లనీ. లైన్ అకౌంట్ డబ్బులు, అంటే అచ్చయిన వార్తల లెక్కన ఇచ్చేవి, పెట్రోలుకే చాలవు. తమ్ముణ్ని తిట్టబుద్ధి కాలేదు, వార్త రాసేవాణ్నే యాడ్ అడుక్కురమ్మని పంపే పద్ధతి మీద మాత్రం ఒళ్లు మండింది.

ఎమర్జెన్సీలో సెన్సార్ ఆఫీసరుండేవాడు, ఏది కొట్టేశాడో తెలిసేది. 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం జాగాను ఖాళీగా వదిలేసి అచ్చేసింది, ఆ తెల్లకాగితం చూసి ఇక్కడేదో జరుగుతోందని పాఠకుడికి అర్థమైంది. ఇప్పుడు ఖాళీ ఎక్కడుంది? శుభాకాంక్షలూ ప్రారంభోత్సవాలూ కలిపి పేజీ అంచుల దాకా నిండుగానే ఉంది, ఏది రాలేదో పాఠకుడు ఎట్లా కనిపెడతాడు? ఇది నల్లగొండ మరి, నిజాం రాజ్యంలోనే 1922లో నీలగిరి పత్రిక నడిపిన ఊరు. అప్పటి భయం చిన్నదేం కాదు, 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు హైదరాబాద్‌లో నడివీధిలో చంపేశారు, రాసిన రాతలకే.

చైనాలో జాంగ్ జాన్ అనే లాయరమ్మ సంగతీ గుర్తొచ్చింది. 2020లో కరోనా మొదట్లో షాంఘై నుంచి వుహాన్ వెళ్లి, ఆస్పత్రులూ ఖాళీ రోడ్లూ ఫోన్లో తీసి పెట్టింది. అక్కడ పత్రికలు పార్టీ చెప్పిందే రాస్తాయి కాబట్టి లోపలి సంగతి బయటికి తెలిసింది ఇట్లాంటివాళ్ల వల్లే. ‘గొడవలు రేపుతోంది’ అన్న నేరం మోపి నాలుగేళ్లు జైల్లో పెట్టారు, 2024 మేలో వదిలి, కొన్ని నెలలకే మళ్లీ పట్టుకెళ్లారు. మా ఊరి కాంటాను తీసుకెళ్లి వుహాన్ పక్కన పెట్టడం అతి అవుతుందని తెలుసు. ఇక్కడ ఆ పిల్లాణ్ని ఎవరూ జైల్లో వేయరు. అసలు అంత దూరం పోనక్కర్లేదు కదా, వాళ్ల వడ్లు ఎత్తాల్సిన లారీ రెండ్రోజులు రాకపోతే చాలు, పైన మబ్బు పట్టి ఉంది.

సాయంత్రానికి ఊరి వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ తప్ప ఇంకెవరూ మెసేజ్ పెట్టకుండా మార్చేశారట. పిల్లాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "అన్నా, పేపర్ల వస్తదా?" అంటే ఏం చెప్పాలి. అసలు వీడియో డిలీట్ చేయకు, పాట కలపకు, కట్ చేయకు, తీసిన తేదీ కనబడాలి, ఇంకో ఫోన్లోనూ దాచు అని చెప్పాను. వీడియో ఒక్కటే అయితే ఆ ఒక్క బస్తాకే పొరపాటు జరిగిందంటారు, మరో నలుగురు రైతుల తూకం చిట్టీలు జమచేస్తే కలెక్టరేట్‌లో ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వొచ్చు, ఆర్టీఐ వేసి ఈ కేంద్రంలో ఎంత తూచి ఎంత రాశారో అడగొచ్చు. అర్జీ నేనే టైప్ చేసిస్తానన్నాను, పైసలొద్దు.

చిట్టీలు తెస్తానన్నాడు. వాళ్ల నాయన మాత్రం ముందు మన లోడు మిల్లుకు చేరి పైసలు ఖాతాల పడనీ, అప్పటిదాంక ఫోన్ ముట్టకు అంటున్నాడట.