మిద్దె మీద ఉడకాల్సిన అన్నం

పూర్వ విద్యార్థుల తరఫున బడికి సోలార్ కిట్లు కొనిద్దామన్న మాట సంతోషం కలిగించింది. అయితే డబ్బా విప్పగానే తిరిగే బొమ్మ ఫ్యాన్లు మాత్రం వద్దు. ఈ చెన్నైలో మన సైన్సు సారు మిద్దె మీద నేర్పిన పద్ధతే ఇప్పటి ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకూ కావాలి. పిల్లలే చెయ్యాలి, పని చెయ్యకపోతే ఎందుకో వాళ్లే పట్టుకోవాలి.

సోలార్ కుక్కర్‌తో మొదలుపెట్టడం మేలు. రెండు అట్టపెట్టెలు చాలు: బయటిది 45 సెంటీమీటర్ల చదరం, లోపలిది 35. చుట్టూ 5 సెంటీమీటర్ల సందు మిగులుతుంది, అడుగునా అంతే ఉంచాలి. అందులో నలిపిన పాత పేపర్లో, వరి పొట్టో నింపాలి. కుక్కి కుక్కి కూరకూడదు. వేడిని ఆపేది మధ్యలో చిక్కుకున్న గాలి. లోపలి గోడలకు అల్యూమినియం ఫాయిల్, అడుగున నల్లరంగు వేసిన రేకు, పైన 4 మిల్లీమీటర్ల మందం ఉండి లోపలికి కనపడే గాజు అద్దం. అద్దం అంచులు కొట్లోనే అరగదీయించి టేపు చుట్టాలి. గిన్నెకు బయటివైపు మాత్రమే బ్లాక్‌బోర్డు పెయింటు వేసి, ఒక రోజంతా ఖాళీగా ఎండలో కాచాలి. లేకపోతే మొదటి అన్నం పెయింటు వాసన వేస్తుంది.

100 గ్రాముల బియ్యానికి 200 మిల్లీలీటర్ల నీళ్లు. ఆకాశం తేటగా ఉంటే పదిన్నరకు పెట్టింది ఒంటిగంటకల్లా ఉడుకుతుంది. పిల్లలు ఆగలేక మాటిమాటికీ అద్దం ఎత్తుతారు. ఎత్తిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ చేరడానికి పది నిమిషాలైనా పడుతుంది. వాళ్లను కసరడం దేనికి? రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి, ఒకటి తెరవనిచ్చి ఒకటి ముట్టనివ్వకుండా, లోపల ఓవెన్ థర్మామీటర్లు ఉంచి పావుగంటకోసారి అంకెలు రాయించాలి. ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలన్న సామెత ఇక్కడ చెల్లదని సారు అనేవారు. అడుగు నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపేవారు. గిన్నె మూత వదులైతే పై మెతుకు పలుకుగా ఉంటుంది, ఆవిరంతా అద్దానికి పడుతుంది.

మన ఊరి చిక్కులు వేరే ఉన్నాయి. పెట్టెను రాత్రి బయటే వదిలేస్తే లోపలి పేపరు చెమ్మ పీలుస్తుంది. మర్నాటి ఎండ సగం దాన్ని ఆరబెట్టడానికే పోతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక ఎండను అద్దం మీదికి మళ్లించడానికి పెట్టె అంచున నిలిపే, ఫాయిల్ అంటించిన మూత అట్ట ఎగిరిపోతుంది, రెండు వైపులా పురికొసతో కట్టాలి. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ఏప్రిల్ నాలుగో వారంలో మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ల కిందే ఉంటుంది. అప్పుడు ఆ అట్ట అద్దంతో 120 డిగ్రీల కోణంలో ఉండాలి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలతాడు, అట్టను ఉత్తరపు అంచున నిలపాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే కాబట్టి ఫిబ్రవరి, మార్చి అనువైన నెలలు.

తర్వాత ఎండతో కరెంటు పుట్టించే 10 వాట్ల ప్యానెల్. మీద 12 వోల్టులని ఉన్నా, 36 సెల్స్ (కరెంటు పుట్టించే చిన్న పలకలు) వరసగా కలిపినది కనుక ఏమీ తగిలించకుండా మల్టీమీటరుతో (వోల్టేజీ, కరెంటు కొలిచేది) చూస్తే 21 వోల్టుల దాకా చూపుతుంది. 12 వోల్టుల ఎల్‌ఈడీని నేరుగా తగిలిస్తే కాలిపోవచ్చు. ఒక సెల్‌ను అట్టముక్కతో పూర్తిగా మూయమనండి. వోల్టేజీ అర వోల్టు కూడా తగ్గదేమో, నీడతో నష్టం లేదని పిల్లలు రాసేస్తారు. మీటరును 10 ఆంపియర్లకు మార్చి కరెంటు చూస్తే అసలు సంగతి బయటపడుతుంది: 0.6 ఆంపియర్ల దగ్గరున్నది బాగా పడిపోతుంది. పైపును ఒక్కచోట నొక్కితే మొత్తం ధార సన్నబడినట్టే. ఎండ మండే వేళ వోల్టేజీ పొద్దుటి కన్నా తగ్గడం కూడా వాళ్ల కంటపడాలి. సెల్ వేడెక్కే కొద్దీ డిగ్రీకి సుమారు 0.3 శాతం పోతుంది. అలాగని కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు గుమ్మరించనివ్వకండి, పగులుతుంది.

కరెంటు చూశాక మీటరు తీగను ఆంపియర్ల రంధ్రంలోనే మరిచి బ్యాటరీకి తాకించి మీటరు పాడుచేయడం ప్రతి ఏడూ జరిగేదే. అందుకే చందా డబ్బుతో నలుగురు పిల్లలకొక ఫ్యూజున్న మల్టీమీటరు, ఒక ప్యానెల్, రెండు థర్మామీటర్లు, ఒక డబ్బా విడి ఫ్యూజులు కొందాం. అట్టపెట్టెలు వీధి చివర కిరాణా కొట్లో అడిగితే ఇస్తారు.