నాన్న డిశ్చార్జి బుక్కులో అమ్మ పేరు

నాన్న 2024 ఫిబ్రవరిలో తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. 76 ఏళ్లు. అమ్మ టీ పట్టుకొచ్చి లేపితే లేవలేదు. ఆ టీ ఎనామిల్ మగ్గులో ఉంది. తెల్ల మగ్గు, అంచు పెచ్చులూడి నల్లబడింది, అడుగున ఆయన ఆర్మీ నంబరులోని చివరి మూడంకెలు మేకుతో గీసి ఉంటాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన టీ అందులోనే తాగారు.

మాది తాడేపల్లిగూడెం. పక్కనే మిలటరీ మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ మగపిల్లల్ని సైన్యానికి పంపుతున్న ఊరు. ఆ గాలి మా వైపూ తగిలింది. నాన్న 1967లో, పంతొమ్మిదేళ్లకు చేరారు. గోల్కొండ ఆర్టిలరీ (ఫిరంగి దళం) సెంటర్‌లో ట్రైనింగ్, ఆ తర్వాత ఫీల్డ్ రెజిమెంటులో గన్నర్. 1971 పాకిస్తాన్ యుద్ధంలో తూర్పు సరిహద్దులో, హిల్లీ దగ్గర ఉన్నారు. యుద్ధం డిసెంబరు 3న మొదలైందని నేను స్కూలు పుస్తకంలో చూసి చెబితే, "మాకు నవంబరులోనే మొదలైందమ్మడూ" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. గన్ను దగ్గర గుండు అందించడం ఆయన పని. ఒక్కోటి 25 పౌండ్లు, అంటే దాదాపు 11 కిలోలు. రాత్రంతా అవే ఎత్తి అందించడమని ఒక్కసారి మా తమ్ముడితో అన్నారట.

ఆయనకు ఎడమ చెవి వినపడేది కాదు. ఏదైనా చెప్పాలంటే కుడివైపుకి వెళ్లి గట్టిగా చెప్పాలి. టీవీ మోత వీధి చివరిదాకా వినపడుతుంటే మేం విసుక్కునేవాళ్లం. అది ఫిరంగుల దగ్గర పోయిన చెవి అని ఆయన పోయాక, డిశ్చార్జి నాటి మెడికల్ కాగితం చదివితే గానీ నాకు తెలియలేదు. ఈ బాధ నన్నింకా వదల్లేదు.

1984లో హవల్దారుగా పెన్షన్ మీద వచ్చేశారు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లు బ్యాంకు గార్డుగా చేశారు. ఊళ్లో అందరికీ ఆయన "మిలట్రీ ఆయన", అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

అంత్యక్రియలకు మాధవరం నుంచి పాత సైనికులు ఎనిమిది మంది వచ్చారు. బంధువుల్లో ఎవరో జాతీయ జెండా కప్పుదామన్నారు. ఆ సైనికుల్లో పెద్దాయన వద్దన్నారు. ప్రభుత్వ లాంఛనాలతోనో సైనిక లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియలకే జెండా కప్పాలి, ఫ్లాగ్ కోడ్ అదే చెబుతుంది, మీ నాన్న రూలు తప్పే మనిషి కాదు అన్నారు. పూలచక్రం పెట్టి, వరసగా నిలబడి సెల్యూట్ చేశారు. ఒకాయన చెయ్యి పూర్తిగా లేవలేదు, భుజం పట్టేసింది. లేచినంత వరకే ఎత్తి అలాగే ఉంచారు.

ఆ పెద్దాయనే వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచి, "అమ్మ పేరు పీపీఓలో ఉందో లేదో చూడమ్మా" అన్నారు. పీపీఓ అంటే పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు. మా ఎనిమిది నెలల తిరుగుడు అక్కడ మొదలైంది. మాలాంటి ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

మరణ ధ్రువీకరణ కష్టం కాలేదు. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే పెద్ద పని కాదు, దాటితే రుసుములు, అనుమతులు అంటూ సాగుతుంది. ఆ పెద్దాయన చెప్పబట్టి నాన్న పేరు ఆధార్‌లో ఉన్నట్టు కాకుండా, డిశ్చార్జి బుక్కులో, అంటే సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన సర్వీసు వివరాల పుస్తకంలో ఉన్న అక్షరాలతోనే రాయించాం. పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత దాని వెంట తిరగాల్సి వచ్చేది.

ఫిబ్రవరి నెలాఖరుకి నాన్న ఖాతాలో నెల మొత్తం పెన్షన్ పడింది. ఏటీఎం కార్డు ఉందిగా, తీసేసుకోండి అన్నారు ఒక బంధువు. తీయలేదు. పెన్షన్ చనిపోయిన రోజు వరకే, మిగతాది వెనక్కి కట్టాల్సిందే. అమ్మకు రావాల్సిన ఫ్యామిలీ పెన్షన్ ఆ మర్నాటి నుంచి లెక్క. ఎప్పుడు మంజూరైనా బకాయిలతో కలిపి వస్తుంది కాబట్టి తొందరపడి ఆ డబ్బు ముట్టుకోనక్కర్లేదు.

నాన్న పెన్షన్ అప్పటికే బ్యాంకు నుంచి స్పర్శ్‌కి, అంటే రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థకి మారిపోయింది. అందులో మరణం నమోదు చేసి, అమ్మ పేరు మీద దరఖాస్తు పెట్టాలి. ఒక సేవా కేంద్రానికి వెళ్లాం. అక్కడి కుర్రాడు హడావుడిలో అమ్మ పుట్టిన సంవత్సరం తప్పు కొట్టాడు. ఆ దరఖాస్తు తిరిగొచ్చేసరికి నెల దాటింది. తర్వాత ప్రతి గడీ నేనే గట్టిగా చదివించుకుని, అప్పుడే నొక్కనిచ్చాను.

అసలు చిక్కు అమ్మ పేరు దగ్గర వచ్చింది. 1984 నాటి పీపీఓలో భార్య పేరే లేదు. ఆ రోజుల్లో రిటైరైన చాలామందివి అలాగే ఉంటాయట. తర్వాత సవరణ పీపీఓ తెప్పించుకోవాలి, నాన్న తెప్పించుకోలేదు. డిశ్చార్జి బుక్కు కుటుంబ పేజీలో మాత్రం ఉంది. 1974లో పెళ్లయినప్పుడు ఆ సంగతి సైన్యం రికార్డులోకి ఎక్కేలా పార్ట్ టూ ఆర్డర్ వేయించారు. యూనిట్‌లో తెలుగు రాని క్లర్కు, నాన్న నోటితో చెప్పింది విని రాసుకున్నాడు. పేరు చివర "అమ్మ" అని ఉంది. ఆధార్‌లో "కుమారి". ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట అసలు లేదు. పుట్టినతేదీ గడి ఖాళీ. అమ్మను అడిగితే అట్లతద్ది నాడు పుట్టానంటుంది, ఆధార్‌లో జనవరి 1 వేశారు. అదీ చిన్న విషయం కాదు. 80 ఏళ్లు నిండితే ఫ్యామిలీ పెన్షన్‌కి 20 శాతం అదనం కలుస్తుంది, 85కి 30 శాతం. రికార్డులో పుట్టినతేదీ లేకపోతే ఆ లెక్క ఎక్కడి నుంచి మొదలెడతారు?

ఇక్కడ మమ్మల్ని గట్టెక్కించింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. అక్కడ కూర్చున్నాయన కూడా మాజీ సుబేదారే. మా కేసులో కావాల్సినవి ఒక కాగితం మీద రాసిచ్చారు. రెండు పేర్లూ ఒకరివేనని స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన అఫిడవిట్, అదే సంగతి తహసీల్దారు ఇచ్చిన ధ్రువపత్రం, పత్రికా ప్రకటన, నాన్నా అమ్మా కలిసి దిగిన ఫోటో. అన్నీ డిశ్చార్జి బుక్కు నకళ్లతో కలిపి నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్ ఆఫీసుకి పోవాలి. తహసీల్దారు కాగితానికి వార్డు సచివాలయం చుట్టూ ఏడుసార్లు తిరిగాను. సెలవులన్నీ దానికే అయిపోయాయి. ప్రతి కాగితానికీ ఒక నకలు, ప్రతి పోస్టుకీ రసీదు దాచాను. రెండుసార్లు ఆ రసీదులే అక్కరకొచ్చాయి.

ఆ సుబేదారు గారు డిశ్చార్జి బుక్కు పేజీలు తిప్పుతూ మెడల్స్ గడి దగ్గర ఆగి పైకి చదివారు. పూర్వీ స్టార్. సంగ్రామ్ మెడల్. స్వాతంత్ర్యం వచ్చిన పాతికేళ్లకు ఇచ్చిన మెడల్. పూర్వీ స్టార్ తూర్పు రంగంలో ఉన్నవాళ్లకు ఇచ్చారమ్మా అని అమ్మకు చెప్పారు. యాభై ఏళ్ల కాపురంలో అమ్మ ఆ పేర్లు వినడం అదే మొదలు.

"అవెక్కడున్నాయండీ?" అని ఆయన్నే అడిగింది.

ఇంటికొచ్చి వెతికాం. నల్ల ట్రంకు పెట్టె అడుగున, మేకులూ స్క్రూలూ వేసుకునే రేకు డబ్బాలో దొరికాయి. రిబ్బన్లు వెలిసిపోయాయి. అమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుని మేకులన్నీ ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టింది. చింతపండుతో తోమబోతే నేనే ఆపాను.

సెప్టెంబరులో నాసిక్ నుంచి పేరు సవరించినట్టు కబురొచ్చింది. అక్టోబరులో అమ్మ పేరున పీపీఓ, బకాయిలు పడ్డాయి. నాన్న ఖాతాలో ఎక్కువ పడ్డ రోజుల సొమ్ము అందులో సర్దేశారు. చివరి జీతంలో 30 శాతం లెక్కన వచ్చింది. 50 శాతం చొప్పున ఇచ్చేది భర్తకు 67 ఏళ్లు నిండే వయసు వరకే, నాన్నకు అది దాటిపోయింది కాబట్టి మాకు వర్తించదు. తక్కువే, కానీ అమ్మ పేరున వస్తోంది. ఇంట్లో రిటైరైన సైనికుడు ఉంటే ఈ వారమే ఆ బుక్కు తీసి, భార్య పేరు, పుట్టినతేదీ చూడండి. ఆయన ఉండగా ఒక్క సంతకంతో మొదలయ్యే పనికి మేం ఎనిమిది నెలలు తిరిగాం.

పెన్షనర్లు ఏటా బతికున్నట్టు చూపించాలి. 2023 నవంబరులో నాన్నకు ఫోన్‌లోనే చేశాను. మొహం చూపించి కళ్లార్పమంటుంది యాప్. ఆయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో అటెన్షన్‌లో కూర్చున్నారు, రెప్ప కొట్టరు. కుడిచెవి దగ్గరికి వెళ్లి "కళ్లార్పండి నాన్నా" అని అరిస్తే అప్పుడు ఆర్పారు.

మొన్న నవంబరులో అదే కుర్చీలో అమ్మను కూర్చోబెట్టాను. ఫోన్ పట్టుకుని, తెలియకుండానే కుడివైపుకి వెళ్లి "కళ్లార్పమ్మా" అని గట్టిగా అరిచాను.

"నాకు వినపడుతుందే" అంది అమ్మ.