నెక్స్ట్ అంటే ఎక్కడికి?

బరంపురంలోని మా మేనమామగారి పట్టుచీరల కొట్టుకు పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ ఒక్కొక్క శాఖ ఉంది. మూడు చోట్ల నుంచి రాత్రికి వచ్చే అమ్మకాల ఫైళ్లను కలిపి మొత్తం తేల్చడానికి నేను పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు చాలాకాలం నమ్మకంగా పనిచేసింది. ఈమధ్య గుణుపురం లెక్కలో డబ్బు పైసాతో సహా సరిపోతున్నా, అమ్మిన చీరల సంఖ్య మాత్రం ఎక్కువ రావడం మొదలైంది.

అక్కడి గుమాస్తా అప్పుడప్పుడు ధరను ఒడియా అంకెలతో కొడతాడు. యూనికోడ్ (అన్ని లిపులకూ చోటిచ్చే సంకేత పద్ధతి) పాఠంలో అంకె ఉందా అని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాల నమూనాతో, అడిగితే పెర్ల్ ఒడియా అంకెను కూడా అంకెగానే ఒప్పుకుంటుంది. కూడికకు వచ్చేసరికి దానికి ఆస్కీ అంకెలు (0 నుంచి 9) తప్ప మరేవీ పట్టవు కనుక ఆ ధర సున్నా అయిపోతుంది. ఇది ముందే తెలిసినందువల్ల, ధరను పరీక్షించే సబ్‌రొటీన్ (పేరుతో పిలిచి వాడుకునే కోడ్ ముక్క) ఒకటి రాసి, అటువంటి పద్దును చేత్తో సరిచేయడానికి వేరే ఫైలులో వేసి, లూప్‌లో తరువాతి వంతుకు దూకమనే 'నెక్స్ట్' చెప్పమన్నాను. ఆ సబ్‌రొటీన్‌లో లూప్, అంటే ఒకే పనిని వరుసగా మళ్లీ మళ్లీ చేసే భాగం, ఏదీ లేదు. అయినా పెర్ల్ తప్పు పట్టలేదు, ఎందుకంటే తనను పిలిచినవారి లూప్ ఏది నడుస్తూ ఉంటే దానికే 'నెక్స్ట్' వర్తిస్తుంది. పద్దుల లూప్ నుంచి పిలిచాను కనుక తరువాతి పద్దుకు వెళ్లేది.

కొన్నాళ్లకు ధరతోపాటు బిల్లు నంబరునూ చీరల సంఖ్యనూ పరీక్షించడం కోసం, పద్దుల లూప్ లోపల గడులను ఒక్కొక్కటిగా చూసే చిన్న లూప్ పెట్టి, సబ్‌రొటీన్‌ను అందులోంచి పిలిచాను. సబ్‌రొటీన్‌లో ఒక్క అక్షరం మారలేదు, కానీ దానిలోని 'నెక్స్ట్' అర్థం మారిపోయింది: పద్దును వదలవలసినది గడిని మాత్రమే వదిలింది. ఆ పద్దు సున్నా ధరతో మొత్తంలో చేరింది, చేత్తో సరిచేసినప్పుడు మళ్లీ చేరింది. హెచ్చరికలు చూపమనే వరుస స్క్రిప్టులో ఉండి ఉంటే, నెక్స్ట్ ద్వారా సబ్‌రొటీన్ దాటిపోతున్నామని పెర్ల్ మొదటిరోజే చెప్పేది. ఆ వరుస పెట్టకపోవడం నా తప్పే.

ఇలా పిలిచినవారి పరిస్థితిని బట్టి అర్థం మారే డైనమిక్ స్కోప్‌ను పూర్తిగా నిందించలేను. పాఠ్యపరిధికి, అంటే కోడ్‌లో తనను రాసిన బ్లాకుకే, కట్టుబడే చరరాశిని ఇచ్చే 'మై' 1994లో పెర్ల్ 5తో వచ్చినా, విలువను తాత్కాలికంగా మార్చే 'లోకల్' అవసరం తీరలేదు. ఒక ఫైలును చదివేంతవరకు వరుసలను వేరుచేసే గుర్తును 'లోకల్'తో మార్చితే, పిలిచిన ప్రతి సబ్‌రొటీన్‌కూ కొత్త విలువే కనిపిస్తుంది, బ్లాకు ముగియగానే పాతది దానంతటదే తిరిగి వస్తుంది. 'నెక్స్ట్'తో దూకడానికి అటువంటి తిరుగు ప్రయాణం లేదు. సబ్‌రొటీన్‌లో మిగిలిన పనీ, అది ఇవ్వవలసిన జవాబూ మధ్యలోనే పోతాయి. కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే బాష్ షెల్ ఈ రెండింటినీ విడదీసి చూసిందని నాకు అనిపిస్తుంది: ఫంక్షన్‌లోని (బాష్‌లో సబ్‌రొటీన్‌లాంటిది) లూప్‌ను ముగించే 'బ్రేక్', తరువాతి వంతుకు దూకే 'కంటిన్యూ' పిలిచినవారి లూప్‌ను తాకకుండా 2016లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి ఆపివేసింది, 'లోకల్' చరరాశులు మాత్రం పిలిచిన ఫంక్షన్లకు నేటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు నా సబ్‌రొటీన్ అవునో కాదో 'రిటర్న్' చేసి ఊరుకుంటుంది. పద్దుల లూప్‌కు 'పద్దు' అనే అర్థం వచ్చే లేబుల్ పెట్టి, వదిలేయాలన్న నిర్ణయాన్ని ఆ లూప్ శరీరంలోనే, లేబుల్ పేరుతో సహా రాశాను. పాత ఫైళ్లన్నీ మళ్లీ నడిపితే గుణుపురం చీరలు బీరువాలోని సరుకుతో సరిపోయాయి.