'ఎయిట్' రాయడం రాక మొదలైన నా స్పెల్లింగు చదువు

నిరుడు ఎండాకాలంలో మా డ్వాక్రా సంఘం చెక్కు ఒకటి బ్యాంకు నుంచి వెనక్కొచ్చింది. ఎనిమిది వేల రూపాయల చెక్కు. అంకెల్లో బాగానే వేశాను. అక్షరాల దగ్గర 'ఎయిట్'కి ఇ, ఐ, జి, టి, హెచ్ అని రాసి, అనుమానమొచ్చి, చివరి రెండక్షరాల మీదే మళ్లీ దిద్దాను. దిద్దిన చెక్కు చెల్లదన్నారు కౌంటర్లో. రెండో సంతకం పెట్టాల్సినావిడ అప్పటికే గాజువాకలో కూతురింటికి వెళ్లిపోయింది. ఆవిడ వచ్చేదాకా ఆ డబ్బు కోసం ఒక చెల్లెమ్మ నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. అది నాకు చాలా బాధనిపించింది. చెక్కు తెలుగులో రాసినా తీసుకుంటారని తర్వాత తెలిసింది గానీ, అప్పటికే నాలో పంతం మొదలైపోయింది.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మనకు చెవికి వినిపించిందే చేతికి వస్తుంది. 'నైట్' రాయాలంటే నకి ఐత్వం ఇచ్చి పక్కన పొల్లు ట పెడితే అయిపోయింది. ఇంగ్లీషువాళ్లకు అదే మాటకు అయిదక్షరాలు కావాలి, అందులో జి, హెచ్ రెండూ నోట పలకనే పలకవు. పలకనిదాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలి?

దారి మా అన్నయ్య కూతురు చూపించింది. ఇంటర్ చదువుతోంది, పొద్దున్నే ఫోన్‌లో వర్డల్ ఆడందే కాఫీ ముట్టదు. జాష్ వార్డల్ అనే ఆయన తయారుచేసి 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులో పెట్టాడట. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసుకుంది. అయిదక్షరాల మాట ఒకటి దాస్తారు, ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి.

మద్దిలపాలెంలో మా ఇంట్లో కరెంటు పోయిన ఒక సాయంత్రం, అదే ఆట పలక మీద ఆడించింది. అక్షరం సరైన చోట ఉంటే కింద గీత, ఉండి కూడా చోటు వేరైతే చుక్క. నేను 'లైట్' రాశాను. నాలుగక్షరాల కింద గీతలు పడ్డాయి! మొదటిదొక్కటే తప్పు. ఇంకేముంది, గెలిచేశాననుకున్నాను. నైట్, రైట్, ఫైట్, మైట్, సైట్... ఒక్కొక్కటే రాస్తూ పోయాను. ఆరూ అయిపోయాయి. అది దాచిన మాట 'టైట్'.

"అలా ఒక్కొక్కటీ ఏరుకుంటూ పోతే ఎలాగత్తా? ముందు ఎన్ని ఉన్నాయో తెలియాలి కదా" అంది.

ఎన్ని ఉన్నాయో చూడాలంటే డిక్షనరీ సాయం చెయ్యదు. అందులో మాటలు తలను బట్టి ఉంటాయి, తోకను బట్టి కాదు. మర్నాడు ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి, నోటుబుక్కులో ఐ, జి, హెచ్, టి అని ఇరవయ్యారు వరసలు రాసుకుని, ఒక్కో వరస ముందు ఎ నుంచి జడ్ దాకా ఒక్కో అక్షరం పెట్టుకుంటూ పోయాను. పెట్టిన ప్రతిదీ డిక్షనరీలో వెతకడమే. మధ్యాహ్నానికి పది దొరికాయి. ఎనిమిది తెలిసినవే: ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్. తెలియనివి రెండు. 'వైట్' అని పలికేది డబ్ల్యూతో మొదలవుతుంది, తెలుపు కాదు, మనిషి అని పాత అర్థం. ఇంకోటి బి తో మొదలయ్యే 'బైట్', కొరకడం కాదు, సముద్రతీరం లోపలికి తిరిగిన వంపు.

ఎనిమిది మాటలు ఒకదాని కింద ఒకటి రాసి చూస్తే, చివరి నాలుగక్షరాలూ మేకు దిగగొట్టినట్టు నిలువునా ఒకే చోట ఉన్నాయి. టి తర్వాత హెచ్ ఎక్కడా లేదు. ఏడాదికి పైగా సంఘం లెక్కలు రాస్తూ నేర్చుకోలేనిది ఆ ఒక్క పేజీ నేర్పింది.

ఆట కిటుకు కూడా అక్కడే దొరికింది. 'లైట్' తప్పిపోయాక మిగిలిన ఏడింటి వెంట పడకూడదు. 'ఫర్మ్స్' రాయాలి, కంపెనీలు అనే అర్థంలో. ఎఫ్, ఆర్, ఎం, ఎస్ నాలుగూ ఒకేసారి తేలిపోతాయి. ఏదీ కాకపోతే 'ట్రెండ్'. ఎన్ కింద చుక్క పడితే నైట్, ఇ కింద పడితే ఎయిట్, మొదటి టి కింద గీత పడితే టైట్. నాలుగో ప్రయత్నానికి మాట చేతిలో ఉంటుంది. ఇది పట్టుకున్న రోజు మా మేనకోడలు నన్ను కావలించుకుంది.

ఆ జి, హెచ్ ఉత్తినే కూర్చోలేదని కూడా లైబ్రరీలోనే చదివాను. ఒకప్పుడు అక్కడ గొంతులోంచి వచ్చే 'ఖ్' లాంటి శబ్దం ఉండేదట. జర్మన్‌వాళ్లు రాత్రిని ఇప్పటికీ 'నాఖ్ట్' అంటారు. 1476లో విలియం కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చులో రాత కుదురుకుంటూ వచ్చింది, నోటిమాట మాత్రం మారుతూ పోయింది. చప్పుడు పోయినా చోటు మిగిలింది. ఇది తెలిశాక ఆ రెండక్షరాల మీద నాకు కోపం పోయింది.

ఇప్పుడు రెండో పేజీ నడుస్తోంది: ఓ, యు, జి, హెచ్. అయిదక్షరాలవే తీసుకున్నా కాఫ్, రఫ్, టఫ్, డో, బౌ, ఆట్. చూపుకి ఒకే కుటుంబం, పలుకులో ఎవరి దారి వారిది. దీనికి కిటుకు ఇంకా దొరకలేదు. దగ్గుమందు సీసా మీద చూసి మొదటిది నేర్చుకున్నాను.

మొన్న ఆదివారం ఇద్దరం కైలాసగిరి ఎక్కాం. పైనుంచి చూస్తే తీరం ఒకచోట లోపలికి వంగి, నురగ అంచు వెంట సాగి, రుషికొండ వైపు మళ్లిపోతోంది. అది చెయ్యి చాపి చూపిస్తూ, "అత్తా, స్పెల్లింగు" అంది.

"బి, ఐ, జి, హెచ్, టి" అన్నాను, తడుముకోకుండా.