చెమట పట్టే గోడలు

కోనసీమలో మా తాతగారు కట్టించిన మండువా లోగిలికి పన్నెండేళ్ల కిందట మేము చేయించిన మరమ్మతే దాని జబ్బుకు మొదలని, తమిళనాడులోని కానాడుకాత్తాన్‌లో ఒక తడి గోడ ముందు నిలబడ్డాక గాని నాకు తెలియలేదు. పాత డంగు సున్నం అక్కడక్కడ ఊడుతోందని గోడలన్నిటికీ సిమెంటు పూత వేయించి రంగులు కొట్టించాము. మూడో వర్షాకాలానికి మోకాలెత్తున చెమ్మ ఎక్కి, పూత బొబ్బలు లేచి, లోపలి ఇటుక పొడిపొడిగా రాలడం మొదలైంది. పాత ఇళ్లను పాత పద్ధతిలోనే బాగుచేసే తాపీ పనివాళ్లు చెట్టినాడులో ఇంకా ఉన్నారని విని, కిందటి జనవరిలో చెన్నై ఎగ్మూరులో పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రికి కారైకుడి చేరాను.

శివగంగ, పుదుక్కోట జిల్లాల్లో విస్తరించిన చెట్టినాడు ఊళ్లలోని ఇళ్లు నాటుకోట్టై చెట్టియార్లవి. బర్మా, సిలోన్, మలయాల్లో వడ్డీ వ్యాపారం చేసి గడించిన డబ్బుతో, 19వ శతాబ్దం నడిమి నుంచి 20వ శతాబ్దం తొలి సగం దాకా వారు వాటిని కట్టుకున్నారు. ఒక వీధిలో మొదలైన ఇల్లు వెనక వీధిలో ముగుస్తుంది. వీధి అరుగు మీద నిలబడి చూస్తే, గుమ్మం వెనక గుమ్మంగా, మండువాల మీద పడే వెలుగులో పెరటి తలుపు దాకా కనిపిస్తుంది. స్తంభాలు బర్మా టేకు, చలువరాయి ఇటలీది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించుకోవడంతో ఆ సంపదకు గట్టి దెబ్బ తగిలింది. ఇప్పుడు ఒక్కో ఇంటికి పదుల కొద్దీ వాటాదార్లు, అందరూ దూరాన ఎక్కడెక్కడో. మరమ్మతుకు అందరూ ఒప్పుకోవడం కష్టం, విప్పి అమ్మేయడం తేలిక. కారైకుడి మునీశ్వరన్ కోయిల్ వీధిలోని పాత సామాన్ల దుకాణాల్లో ఆ విప్పిన ఇళ్లే ముక్కలై ఉన్నాయి; లక్ష్మీదేవిని చెక్కిన ఒక ద్వారబంధం మీద సుద్దముక్కతో ధర రాసి ఉండటం చూసి అక్కడ ఎక్కువసేపు నిలవలేకపోయాను. కొన్ని ఇళ్లు హోటళ్లుగా మారి బతికాయి. వంటింటి పొయ్యి పక్కన పూలకుండీ పెట్టడం నాకు రుచించదు గాని, కప్పు కారకుండా ఉన్నందుకు సంతోషించాను.

కారైకుడికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని కానాడుకాత్తాన్‌లో నేను చూడబోయిన ఇంట్లో రెండో మండువా గోడలకు పని జరుగుతోంది. పెద్ద మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. ఆయన తమిళానికి, నా రైలు తమిళానికి పొత్తు కుదురుతుందా అని సందేహించాను గాని, సున్నాన్ని ఆయన సుణ్ణాంబు అన్నారు, కరక్కాయను కడుక్కాయ్ అన్నారు; మిగిలింది చేతులతో చెప్పారు. పెరటి గోతిలో, నీళ్లు పోసి చల్లార్చిన సున్నం వారాల తరబడి నానుతూ గడ్డపెరుగులా ఉంది. మొదటి పూతకు దానిలో ముతక ఇసుక, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. పూత పూతకూ ఇసుక సన్నబడుతుంది, సున్నం మెత్తబడుతుంది. చివరి పూత వెన్నలా నూరిన సున్నం, అందులో కోడిగుడ్ల తెల్లసొన.

నేను గుడ్ల లెక్క అడగగానే ఆయన నవ్వేశారు. వచ్చిన ప్రతివారూ గుడ్ల గురించే అడుగుతారట, నూరే మనిషి చేతుల గురించి ఎవరూ అడగరట. ఆ మాటకు సిగ్గుపడి, ఆ మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చుని చూశాను. చివరి పూత కాస్త బిగుసుకోగానే ఒక యువకుడు గుప్పిట్లో పట్టేంత నున్నటి గులకరాయితో గోడను రుద్దడం మొదలుపెట్టాడు. గోడ మీద సన్నటి నీటి బిందువులు పుట్టుకొస్తున్నాయి. భుజం మీది తెల్లగుడ్డతో వాటిని అద్ది మళ్లీ రుద్దుతాడు. కాసేపటికి మళ్లీ చెమట. రోజుల తరబడి ఇలా తుడిస్తే గాని గోడకు అద్దంలాంటి నునుపు రాదు. పని ముగిసిన పక్క గోడ మీద అరచేయి ఆనిస్తే కుండలో నీళ్లలా చల్లగా ఉంది.

అప్పుడు మా ఇంటి ఫొటోలు చూపించాను. మేస్త్రీ రెండింటితో ఆపేశారు. ఇటుకా సున్నమూ కలిసిన గోడ నేల నుంచి పీల్చుకున్న చెమ్మను సున్నం పూత గుండా గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే చెమ్మ పైపైకి పాకి, దానితో వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుని ఇటుకను తినేస్తుంది. ముందు సిమెంటంతా చెక్కించి, ఒక ఎండాకాలం గోడను అలాగే వదిలేసి, ఆ తరువాతే సున్నం మాట ఎత్తమన్నారు.

మర్నాడు ఆత్తంగుడిలో గచ్చు పలకలు పోయడం చూశాను. వాటికి బట్టీ లేదు. చట్రంలో గాజు పలక పెట్టి, దాని మీద పూల అచ్చు ఉంచి, ఒక్కో గదిలో ఒక్కో రంగు చిన్న గరిటెతో వంపి, అచ్చు ఎత్తేస్తారు. రంగులు కలిసిపోవేమోనని నేను ఊపిరి బిగబట్టాను. పలక పోస్తున్న అమ్మాయి మాత్రం పక్కవాళ్లతో మాట్లాడుతూనే దాని మీద పొడి సిమెంటు, ఇసుక చల్లి, తడి మాలు మెత్తి పక్కన పెట్టేసింది. కొన్నాళ్లు నీళ్లలో నానిన తరువాత గాజును ఊడదీస్తే, ఆ గాజు నునుపే పలకకు మెరుపై మిగులుతుంది.

తిరుగు రైలు ఎక్కే ముందు మా బాబాయికి ఫోన్ చేసి, గోడలన్నీ చెక్కించి ఈ వేసవంతా ఖాళీగా వదిలేద్దామన్నాను. కాసేపు అవతల మాట లేదు.

“వైశాఖంలో పిల్ల పెళ్లి పెట్టుకుని గోడలు చెక్కిస్తానంటావేంట్రా? ముందు నువ్వు ఇంటికి రా, మాట్లాడదాం.”